జిమ్మీని హాస్టల్లో దింపే ముందు

విజయనగరం

చి. ల. సౌ. అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. దీపావళికి కాశీలో ఉంటామని, జిమ్మీని పది రోజులు విశాఖ వైపున్న కుక్కల హాస్టల్లో పెడతామని రాశావు. మా ఇంట్లోనే దింపమందును గానీ, మా కుక్క కర్రిగాడికీ దానికీ పడదని నీకు తెలుసు కదా. కిందటిసారి చిరిగిన కర్టెన్లు మీ అత్త ఇంకా మర్చిపోలేదు.

చవితి నిమజ్జనాలు ఇప్పుడే అయ్యాయి. దసరాకి నెల ఉంది, దీపావళికి ఇంకా పైనే. ఇప్పుడే మొదలుపెట్టు. నేను ఆ పని చెయ్యలేదు. తిరుపతి వెళ్తూ, రేపు ప్రయాణమనగా ఈ రోజు సాయంత్రం కర్రిగాణ్ణి ఒకచోట దింపేశాను. ఏం తింటాడో చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. మావాడు చోడంబలి, ఎండుచేపల తలకాయలు తిని పెరిగినవాడు. అక్కడ గిన్నెలో గుళికలు పోస్తే ముట్టలేదు. ఆరో రోజు వెళ్లేసరికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. 'అలిగాడు సార్' అన్నాడు అక్కడి కుర్రాడు. పోనీలే అనుకుంటే, రెండు వారాలకి జ్వరం. చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు, అదే రక్తం పీల్చే పిడుదులు. వాటివల్లే ఆ జ్వరం. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. 28 రోజులు మాత్రలు మింగించాం. తప్పు వాళ్లది సగం, నాది సగం.

కాబట్టి ముందు డాక్టరు దగ్గరికి. రేబిస్ టీకా, పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకి కలిపి వేసే సెవెన్ ఇన్ వన్ టీకా గడువులో ఉన్నాయేమో పుస్తకం తీసి చూడు. కెన్నెల్ కాఫ్‌కి, అంటే కుక్కల అంటుదగ్గుకి, టీకా వేరే ఉంది, ముక్కులో చుక్కలుగా వేస్తారు. చాలామంది దాన్ని వదిలేస్తారు. పది కుక్కలు ఒకచోట ఉంటే ఒకదాని దగ్గు అన్నిటికీ అంటుకుంటుంది. ఏ టీకా అయినా వేసిన మర్నాటికే పనిచెయ్యదు గనక ఈ వారంలోనే వేయించు. బరువు తూయించి పిడుదుల మాత్ర, నులిపురుగుల మాత్ర అడుగు.

ఇక అసలు సంగతి. నువ్వు తిరిగొస్తావని దానికి ఎవరు చెప్తారు? నువ్వెంత బుజ్జగించినా దానికి అర్థం కాదు. వెళ్లడం, తిరిగి రావడం చూపిస్తేనే తెలుస్తుంది. దసరా ముందు ఒకరోజు పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకో. పెట్రోలు దండగ అనుకోకు. తర్వాత ఎలాగూ పైడితల్లమ్మ సిరిమాను జాతరకి మా ఇంటికొస్తావు. తొలేళ్లు నాడు, అంటే సిరిమానుకి ముందురోజు సోమవారం, దాన్ని అక్కడ దింపి ఇటు రా. మంగళవారం సిరిమాను చూసుకుని బుధవారం తెచ్చుకో. రెండు రాత్రులు ఉండి ఇంటికొచ్చిన కుక్కకి పది రోజులు అంత కొత్తగా ఉండవు. ఆ రెండు రోజులూ తినకపోయినా, అరిచి గొంతు పోగొట్టుకున్నా, కాశీ నుంచి పరుగెత్తుకొచ్చే బాధ లేకుండా ముందే తెలిసిపోతుంది. అప్పుడు వేరే దారి చూద్దాం.

మొదటిసారి వెళ్లినప్పుడు ముందుగది సోఫాలు చూసి మురిసిపోకు. వెనక్కి వెళ్లి కాలవ చూడు, వాసన చూడు. గేటు తర్వాత ఇంకో గేటు ఉందా? రాత్రి మనిషి అక్కడే పడుకుంటాడా, తాళం వేసి ఇంటికి పోతాడా? దీపావళి రాత్రి కుక్కల్ని ఎక్కడ ఉంచుతారో గట్టిగా అడుగు. ఈలోగా ఇంట్లో జిమ్మీ తింటున్నప్పుడు ఫోన్లో టపాకాయల చప్పుడు సన్నగా పెట్టండి. బెదరకపోతే రోజు రోజుకీ కొంచెం పెంచండి. బెదిరితే తగ్గించెయ్యండి. పిల్లలకి ఈ పని అప్పజెప్పకు, ఒకేసారి ఫుల్ సౌండ్ పెట్టేస్తారు.

ఒక కాగితం రాసివ్వు. ఏం తింటుంది, ఎన్నిసార్లు, ఏ మందు, మీ డాక్టరు నంబరు. తిండి పది రోజులకి సరిపడా నువ్వే కట్టి పంపు. ఉన్నట్టుండి తిండి మారితే విరేచనాలు పట్టుకుంటాయి. గిన్నె దగ్గర చెయ్యి పెడితే గుర్రుమంటుందని కూడా రాయి, పరువు పోతుందని దాచకు. ఇంకో మాట. మీ ఇంట్లో దాన్ని 'కూకో' అంటారు. అక్కడి కుర్రాడు 'సిట్' అంటే అది మొహం చూస్తూ నిలబడుతుంది, వాడేమో మొండిది అనుకుంటాడు. మీ మాటలు కూడా రాసిపెట్టు.

దింపే రోజు కారెక్కడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపెయ్. దారిలో కక్కదు. బయల్దేరేముందు బాగా నడిపించు. కొత్త పరుపు కొనకు, నువ్వు కట్టి విడిచిన పాత చీర ఉతక్కుండా ఇవ్వు, నీ వాసన దానికి తోడు. గేటు దగ్గర కౌగిలించుకుని ఏడవొద్దు. తాడు వాళ్ల చేతికిచ్చి, మామూలుగా ఒక మాట చెప్పి వచ్చెయ్. నువ్వు కంగారు పడితే అదీ పడుతుంది. ఏడవాలనుంటే కార్లో ఏడువు, అల్లుడుగారికి అలవాటే కదా.

తెచ్చుకున్నాక ఒకట్రెండు రోజులు పడి నిద్రపోతుంది, భయపడకు. నీళ్లు కొంచెం కొంచెంగా పెట్టు. ఒళ్లంతా దువ్వి గోమార్లు వెతుకు. రెండు వారాలు గమనించు. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు పొడిదగ్గు గానీ, జ్వరం గానీ వస్తే డాక్టరుకి చూపించు.

తొలేళ్ల సోమవారం వచ్చేటప్పుడు ఆ టీకాల పుస్తకం తెచ్చుకో, ఒకసారి చూస్తాను. అత్త కర్టెన్లు మార్చింది, అవి బాగున్నాయని చెప్పడం మర్చిపోకు.

ఇట్లు,
మావయ్య