ఆసుపత్రి రోగి కల్యాణ్ సమితి మీటింగ్‌కి మనం వెళ్లి కూర్చోవచ్చా?

పిలవకపోతే వెళ్లి కూర్చునే హక్కు లేదు, కానీ అక్కడ ఏం తీర్మానించారో చూపించమని అడిగే హక్కు మాత్రం ఉంది. ఒడిశాలో రాయగడ, పర్లాకిమిడి వైపు సర్కారు ఆసుపత్రుల్లో ఉంటూ ఆసుపత్రి బాగోగులు చూసే ఈ సమితులు 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయినవి. మీటింగ్ జనం ముందే పెట్టాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఎవరు రావాలో బైలాసే, అంటే సమితి సొంత నియమాలే చెబుతాయి.

అయితే ప్రభుత్వ అజమాయిషీలోనో, చాలావరకు ప్రభుత్వ డబ్బుతోనో నడిచే సంస్థకు 2005 సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) వర్తిస్తుంది. అందులో 4వ సెక్షన్ ప్రకారం, మీటింగులకు జనాన్ని రానిస్తారా, మినిట్స్ (మీటింగ్‌లో ఏం జరిగిందో రాసిన కాగితాలు) చూపిస్తారా అన్నది అడక్కముందే ప్రకటించాలి. గోడ మీద ఆ కాగితం కనబడదు, అది వేరే సంగతి.

ఉదాహరణకు సమితి డబ్బుతో జనరేటర్ కొన్నారనుకోండి. ఆ తీర్మానం నకలు కావాలంటే ఆర్‌టీఐ అర్జీకి వాడే ఫారం-ఎ నింపి, 10 రూపాయల ఫీజుతో ఇవ్వాలి. జవాబుకి గడువు 30 రోజులు. అర్జీ ఒడియాలోనో, హిందీలోనో, ఇంగ్లిష్‌లోనో ఉండాలి. తెలుగులో రాస్తే తిప్పి పంపొచ్చు, మనవాళ్లకి చిక్కు అక్కడే.

చాలామంది ఈ సమితిని పల్లీసభతో, అంటే ఒడిశాలో ఊరి జనం కూర్చునే సభతో కలిపేస్తారు. పల్లీసభకి ఊళ్లో ఓటున్న ప్రతివాళ్లూ సభ్యులే. సమితికి అలా కాదు. ఇక "మాది సొసైటీ, ఆర్‌టీఐ మాకు లేదు" అని కౌంటర్‌లో చెప్పే మాట కూడా నమ్మక్కర్లేదు. సొసైటీ అయినంత మాత్రాన మినహాయింపు రాదు.