68 ఏళ్ల వయసులో ఆయాసం వచ్చేంత వ్యాయామం చేయొచ్చా?

మీ నాన్నగారు రోజూ పొద్దున పార్కులో జోరుగా నడిచి, చెమటలు కక్కుతూ ఆయాసంతో ఇంటికొస్తున్నారని, ఆపించాలా అని అడిగారు. ఆపించొద్దు. అయితే కొన్ని గమనించాలి.

నాకిప్పుడు 67. మాది అనంతపురం, పదేళ్లుగా బెంగళూరు జయనగర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వచ్చినప్పటి నుంచీ లాల్‌బాగ్‌లో రోజూ గంట నడిచేదాన్ని. తోటివాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ సాగే నడక. మూడేళ్ల కిందట ఒకరోజు దేవుడి గదిలో పీట మీంచి లేవబోతే కాళ్లు లేవనివ్వలేదు. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చెయ్యి మోకాలి మీద నొక్కి, మూడోసారికి గానీ లేవలేకపోయాను. ఏడేళ్లు మానకుండా నడిచినదాన్ని. చాలా భయమేసింది.

డాక్టరుగారు ఒకటే చెప్పారు: నడక మంచిదే, కానీ వయసుతో పాటు కండ కరిగిపోతుంది, కబుర్ల నడక దాన్ని ఆపలేదు. తొడలకు బలం కావాలి, గుండెకూ ఊపిరితిత్తులకూ అప్పుడప్పుడు కాస్త గట్టి పని చెప్పాలి.

ఆ మాట విని ఉత్సాహంగా దగ్గర్లోని జిమ్‌లో చేరాను. మొదటి రోజే గెంతులు వేయించారు. రాత్రికి మోకాలు వాచింది, నెలన్నర మంచం దిగలేదు. మా వయసువాళ్లను ఇరవై ఏళ్ల పిల్లల్లా చూడకూడదు, ఆ సంగతి తెలియనివాళ్ల చేతిలో అస్సలు పెట్టకూడదు.

తర్వాత ఫిజియోథెరపిస్టు కుర్చీతో మొదలుపెట్టించారు. చేతులు ఆనించకుండా లేవడం, మెల్లగా కూర్చోవడం. మొదట ఐదుసార్లకే తొడలు వణికాయి. నాలుగు నెలలకు ఇరవై చేయగలిగాను. అప్పుడు లాల్‌బాగ్ గుట్ట ఎక్కడం పెట్టుకున్నాను. మూడు వందల కోట్ల ఏళ్ల నాటి రాయి అది, పైన కెంపేగౌడ గోపురం ఉంటుంది. మొదట్లో మూడుచోట్ల ఆగేదాన్ని. ఇప్పుడు ఆగకుండా ఎక్కుతాను. పైకి చేరాక అర నిమిషం నోట మాట రాదు, రెండు మూడు నిమిషాల్లో ఊపిరి సర్దుకుంటుంది. దిగి, మళ్లీ ఒకసారి ఎక్కుతాను. పీట మీంచి ఇప్పుడు గోడ పట్టుకోకుండా లేస్తున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్లకు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం చెప్పింది. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే అది మోస్తరు. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సొస్తే గట్టిది. నార్వేలో 70 నుంచి 77 ఏళ్ల వయసున్న 1,567 మందిని ఐదేళ్లు గమనించి, 2020లో ఫలితాలు ప్రచురించారు. కొందరు వారానికి రెండుసార్లు గుండె బాగా వేగంగా కొట్టుకునేలా వ్యాయామం చేశారు. మిగతావాళ్లతో పోలిస్తే చావుల్లో గట్టి తేడా తేలలేదు, అంటే ఆయుష్షు పెరుగుతుందని నేను చెప్పను. కానీ వాళ్లలో చావులు పెరగలేదు కూడా. నాకు ధైర్యం ఇచ్చింది అదే.

మీ నాన్నగారికి బీపీ, షుగర్ ఉన్నాయేమో మీరు రాయలేదు. ఉంటే ముందు డాక్టరును అడగండి. బీపీకి ఇచ్చే మెటోప్రొలాల్ లాంటి మాత్ర వేసుకుంటుంటే గుండె వేగం తక్కువగానే ఉంటుంది, వాచీలో అంకె చూసి "ఇంకా పరవాలేదు" అనుకోకూడదు. షుగర్ మందులుంటే జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి. ఛాతీ పట్టేసినట్టున్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపోయి ఆస్పత్రికి వెళ్లాలి.

రేపు పొద్దున మీరూ ఆయనతో వెళ్లండి. నడక ఆపాక ఎంతసేపటికి మామూలుగా మాట్లాడుతున్నారో చూడండి. రెండు మూడు నిమిషాలైతే కంగారు పడకండి. పది నిమిషాలైనా ఆయాసం తగ్గకపోయినా, పోయిన నెల సునాయాసంగా నడిచిన దూరానికే ఇప్పుడు రొప్పుతున్నా, ఆలస్యం చేయకుండా గుండె డాక్టరుకు చూపించండి.