రెండు లక్షల బైనాక్యులర్ జీవితాంతం వస్తుందా?

ప్రశ్న: సార్ నమస్తే. మాది తిరుపతి. రిటైరయ్యాక పక్షులు చూడ్డం అలవాటైంది, చలికాలంలో నేలపట్టు, పులికాట్, మిగతా రోజుల్లో తలకోన వైపు పోతుంటా. పోయిన వానాకాలం తలకోనలో తడిసి నా పాత పోరో (గొట్టాలు తిన్నగా కాక మెట్టులా ఉండే రకం) బైనాక్యులర్ లోపలంతా మసకైపోయింది, ఎండబెట్టినా పోలేదు. మా అబ్బాయి రెండు లక్షలు దాటినా సరే స్వరోవ్‌స్కీనో జైస్‌నో కొనిస్తానంటున్నాడు. అంత పెడితే నిజంగా జీవితాంతం ఉంటుందా, పేరుకేనా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: సార్, ముందు మీ పాతదానికి ఏమైందో చూద్దాం. పాత పోరో వాటిల్లో నడిమి చక్రం తిప్పినప్పుడల్లా కళ్ల దగ్గరి గొట్టాలు బయటికీ లోపలికీ కదుల్తాయి, ఆ కదలికకే బయటి గాలి, దాంతోపాటు తేమ, దుమ్ము లోపలికి పోతాయి. ఇప్పుడు ఖరీదైనవి దాదాపు అన్నీ రూఫ్ ప్రిజం (వెలుతుర్ని మళ్లించే ప్రిజం అనే గాజు దిమ్మ తిన్నటి గొట్టంలోనే ఇమిడే రకం), వీటిల్లో ఫోకస్ లెన్స్ లోపలే జరుగుతుంది, అందుకే సందులన్నీ కుక్కర్ గాస్కెట్ లాంటి చిన్న రబ్బరు రింగులతో మూసేసి, లోపల పొడి నైట్రోజన్ నింపుతారు. తేమే లేకపోతే లోపల మసక ఎక్కణ్ణుంచి వస్తుంది! బయటి అద్దం మీద మాత్రం పడుతుంది, అది తుడిస్తే పోతుంది.

అయితే ఒక మాట, ఇదంతా ఇరవై, ముప్పై వేల మోడల్స్‌లో కూడా ఉంది. వాన కోసమే అయితే రెండు లక్షలు అక్కర్లేదు.

మరి ఆ డబ్బు ఎక్కడికి పోతుందంటే, ప్రిజం దగ్గరికి. రూఫ్ ప్రిజం వెలుతుర్ని రెండు భాగాలు చేసి మళ్లీ కలుపుతుంది, ఆ కలపడంలో కాస్త తేడా వచ్చినా బొమ్మ పదును తగ్గుతుంది, దానికోసం జైస్ వాళ్లు 1988లో ఫేజ్ కోటింగ్ అనే పూత తెచ్చారు, ఇప్పుడది చవకవాటిల్లోకీ వచ్చేసింది గానీ ప్రిజాన్ని కదలకుండా కూర్చోబెట్టే పనితనం మాత్రం అంత తొందరగా రాలేదు. నా లెక్కలో గట్టిదనం అంటే అదే, మెగ్నీషియం బాడీ తర్వాత సంగతి. కింద పడి ఒక ప్రిజం వెంట్రుకవాసి జరిగినా రెండు గొట్టాలూ వేరేవేరే చోట్లకి చూస్తాయి, కళ్లు ఎలాగో కలిపేసుకుంటాయి, అరగంటకి తలనొప్పి.

షాపులోనే చూసుకోవచ్చు ఇది. గుమ్మంలో నిలబడి రోడ్డు మీది కరెంటు తీగకి ఫోకస్ చేసి, బైనాక్యులర్‌ని మెల్లగా కళ్ల నుంచి జానెడు దూరం జరపండి. రెండు గుండ్రాల్లోనూ తీగ ఒకే ఎత్తులో కనపడాలి, ఒకదాంట్లో పైన ఒకదాంట్లో కింద ఉంటే అది ఎంత పేరున్న కంపెనీదైనా వద్దనేయండి. ఫోకస్ చక్రం కూడా తిప్పి చూడండి, ఎక్కడా లూజు, గరగర ఉండకూడదు.

పట్టుకోడానికి కూడా చూసుకోండి సార్, గంటలకొద్దీ చేతిలో ఉండే వస్తువు. 1999లో స్వరోవ్‌స్కీ ఈఎల్ మోడల్ రెండు గొట్టాల మధ్య ఖాళీ వదిలింది, వేళ్లు చుట్టూ తిప్పి పట్టుకోవచ్చు, వణుకు తగ్గుతుంది. మీకు 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది) చాలు, 10× అయితే చేతి వణుకు కూడా పెద్దదై కనపడుతుంది.

జీవితాంతం అన్నారు, అద్దాలు, ప్రిజాలు ఉంటాయి. రబ్బరు రింగులు, లోపలి గ్రీజు ఉండవు, ఏళ్లు గడిచాక సర్వీసు తప్పదు. కాబట్టి రిపేరుకి ఎక్కడికి పంపాలి, విదేశానికైతే కస్టమ్స్ ఎవరు కడతారు, ఇవి కొనేముందే రాతపూర్వకంగా అడగండి. దోమల క్రీమ్ రాసుకున్న చేత్తో ముట్టుకోవద్దు, అందులోని డీట్ పై రబ్బర్ని తినేస్తుంది. తోలు కేసులో మూసి పెట్టొద్దు, ఫంగస్ వస్తే కోటింగ్ పోతుంది, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి.

ప్రశ్న: కళ్లజోడు ఉన్నవాళ్లు ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఐ రిలీఫ్ అమ్మా, అంటే బొమ్మ మొత్తం కనపడాలంటే కంటి వైపు అద్దానికీ కంటికీ మధ్య ఉండగలిగే దూరం, అది 16 మిల్లీమీటర్లు ఆ పైన ఉండాలి, లేదంటే బొమ్మ అంచులు కనపడవు. ఐకప్పులు (కళ్లకి ఆనే కప్పులు) పూర్తిగా కిందికి తిప్పి, షాపులోనే మీ కళ్లజోడు పెట్టుకుని చూడండి.