పది గంటలు కూర్చున్నా చేయి ఎందుకు తిరగదు?

రోజూ పది గంటలు పుస్తకం ముందు కూర్చుంటున్నా మీ అబ్బాయికి లెక్కల్లో పట్టు రావడం లేదనీ, సాధనతో అన్నీ వస్తాయన్న మాట నిజమేనా అనీ అడిగారు. గంటలతో మాత్రం రాదు. హనుమకొండలో ఏళ్ల తరబడి టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నవాడిగా ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. టైపుకైనా లెక్కలకైనా నేర్పే పద్ధతి ఒక్కటేనని నా నమ్మకం.

ఒక జూనియర్ అసిస్టెంటు టైపు లోయర్ గ్రేడు పరీక్ష కోసం మా దగ్గర చేరారు. ఉద్యోగంలో రోజంతా కంప్యూటర్ మీద టైపు చేసే మనిషే అయినా నిమిషానికి 30 మాటలు అందుకోలేకపోయేవారు. సాధారణంగా కొట్టిన కాగితం చూసి తప్పులకు ఎర్ర గీతలు పెడతారు. నేను కాగితం పక్కన పెట్టి వేళ్లు చూశాను. ‘ప్రపోజల్’ అన్న మాట రాగానే ‘పి’ కోసం చిటికెన వేలికి బదులు చూపుడు వేలు పరుగెత్తేది, దానితో కుడి చేయి మొత్తం హోం కీస్ (వేళ్లు ఆనించి ఉంచాల్సిన మధ్య వరుస కీలు) వదిలేది, తిరిగి దిగేటప్పుడు ఒక కీ పక్కకు దిగేది. తర్వాతి రెండు మూడు అక్షరాలు తప్పే. ఆఫీసులో బ్యాక్‌స్పేస్ ఉంది గనుక ఆ తప్పు ఏనాడూ బయటపడలేదు. మా టైప్‌రైటర్ మీద తప్పు దాక్కోవడానికి చోటు లేదు.

పాసేజీలు మాన్పించాను. చేతుల మీద కండువా కప్పి, మిగతా వేళ్లు కదలకుండా, చిటికెన వేలితో దాని చోటైన సెమికోలన్ నుంచి ‘పి’కి, ‘పి’ నుంచి సెమికోలన్‌కు, గడియారం జోలికి పోకుండా కొట్టించాను. అది కుదిరాక రెండక్షరాల జతలు, ఆ తర్వాతే మాటలు. చేయి లేచిన క్షణానే ఆపేవాణ్ణి, ఎందుకంటే పేజీ అయ్యాక చెబితే ఏ వేలు ఎక్కడ తప్పిందో కొట్టినవాడికే గుర్తుండదు. మొదట్లో ఉన్న వేగమూ పడిపోయి ఆయన నొచ్చుకున్నారు గానీ, లోయర్ గట్టెక్కారు. అంత శ్రద్ధతో ఒక్క బిగిన గంటల తరబడి చేయడం కష్టం.

పదివేల గంటలు చేస్తే ఎవరైనా దిట్ట అవుతారన్న ప్రచారమంటే నాకు చిరాకు. అది 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థులపై ప్రచురించిన పరిశోధన నుంచి పుట్టింది; మేటి విద్యార్థులు 20 ఏళ్లు వచ్చేసరికి ఒంటరిగా చేసిన సాధనకు అది సగటు మాత్రమే, హామీ కాదు. అదే ఎరిక్సన్ 1980లో సహచరులతో ప్రచురించిన ప్రయోగంలో ఒక విద్యార్థి సాధనతో ఏడు అంకెలు గుర్తుంచుకునే స్థితి నుంచి దాదాపు 80కి చేరాడు. అంకెల బదులు అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. చేసిందే పెరుగుతుంది, పక్కది పెరగదు. ఇక్కడి హాస్టళ్లలో స్టడీ అవర్ పేరిట రాత్రి దాకా పిల్లల్ని కూర్చోబెట్టి, నిద్రపోతున్నారా లేదా అని మాత్రమే చూసి, దానికి లక్షల్లో ఫీజు వసూలు చేయడం నాకు మింగుడుపడదు.

మీరు ఒక సాయంత్రం అబ్బాయి పక్కన కూర్చుని, జవాబు కాకుండా పెన్ను ఆగే మెట్టు చూడండి. సమీకరణంలో పదాన్ని అటు నుంచి ఇటు మార్చేటప్పుడు గుర్తు మరచిపోతున్నాడా, భిన్నాలకు క.సా.గు. తీసేచోట తడబడుతున్నాడా అన్నది అక్కడే తెలుస్తుంది. ఆ ఒక్క మెట్టు మీద చిన్న లెక్కలు నాలుగు ఇచ్చి, అవి తడుముకోకుండా వచ్చాకే పూర్తి పేపరు ముందు పెట్టండి.