మనసు రాని రోజుల్లో పరుగు: మేనకోడలికి ఒక లేఖ

చిత్తూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సంక్రాంతి తరువాత ఎంతో ఇష్టంగా మొదలుపెట్టిన పరుగు ఇప్పుడు మోయలేని బరువుగా తోస్తున్నదనీ, తెల్లవారుజామున అలారం మోగితే కట్టేసి మళ్లీ పడుకుంటున్నావనీ, ఒక్కసారి కూడా స్టేడియం ముఖం చూడని వారాలు వస్తున్నాయనీ రాశావు. చివర "నాకే పట్టుదల లేదేమో మామయ్యా" అన్నావు. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉన్నన్నాళ్లూ, ఆ తరువాత కూడా, పరుగు మొదలుపెట్టి మానేసిన పిల్లలనూ పెద్దలనూ ఎందరినో చూశాను. వారిలో పట్టుదల లేనివారు చాలా తక్కువ. శక్తికి మించి పరుగెత్తి, ఆ కష్టం తలచుకుంటేనే మంచం దిగబుద్ధి కాని స్థితికి వచ్చినవారే ఎక్కువ. అందువల్ల ఉత్సాహం ఎక్కడినుంచి తెచ్చుకోవాలో చెప్పడానికి ప్రయత్నించను. అది లేని రోజున కూడా సాగేటట్టు పరుగును ఎలా అమర్చుకోవాలో నాకు తెలిసినంత రాస్తాను.

ముందు నీ వేగం సంగతి చూద్దాం. మీ తిరుపతిలో యూనివర్సిటీ తారకరామ స్టేడియంలో రౌండుకు 2 నిమిషాల 20 సెకన్ల చొప్పున తిరుగుతున్నానని రాశావు. రౌండు 400 మీటర్లని లెక్క వేసుకుంటే కిలోమీటరును 6 నిమిషాలలోపే ముగిస్తున్నావన్నమాట. రోజంతా బ్యాంకు కౌంటరులో కూర్చుని పనిచేస్తూ, పరుగు మొదలుపెట్టి కొద్ది నెలలే అయిన మనిషికి వారానికి ఒకసారైతే ఆ వేగం పరవాలేదు కానీ, ప్రతిరోజూ అదే వేగం అంటే చాలా ఎక్కువ. పైగా జనవరి చలిలో కుదిరిన వేగం ఇప్పుడు ఈ ఎండల్లో కుదరదు. వేడిలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు ఎక్కువగా మళ్లాలి, కండరాలకూ అందాలి, చెమటతో నీరు కూడా తగ్గుతుంది. అందుచేత అదే వేగానికి గుండె మరింత గట్టిగా కొట్టుకోవలసి వస్తుంది. నీ కాళ్లకు తెలిసిన ఈ మార్పును నీ గడియారం నీకు చెప్పలేదు. అందుకే నువ్వు దాన్ని బద్ధకం అనుకుంటున్నావు.

రేపటినుంచి రౌండుకు 3 నిమిషాలు తీసుకో. అది కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు అవుతుంది. ఇంకా నెమ్మదిగా వెళ్లినా తప్పులేదు. వేగం సరిగ్గా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి వాచీ అక్కరలేదు. రెండో మలుపు తిరిగేటప్పుడు పక్కన నడుస్తున్న వారితో "అక్కా, ఈరోజు అలిపిరి వైపు జనం బాగా ఉన్నట్టున్నారే" అని మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా అనగలిగితే నీ వేగం సరైనదే. "అక్కా" దగ్గరే ఊపిరి తెగిందంటే వెంటనే తగ్గించు; అవసరమైతే నడువు. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున సాగించే పద్ధతిని 1972 ఒలింపిక్స్‌లో పది వేల మీటర్లు పరుగెత్తిన అమెరికన్ రన్నర్ జెఫ్ గాలోవే వంటివారే అందరికీ నేర్పారు కాబట్టి, మధ్యలో నడవడాన్ని ఓటమిగా భావించవలసిన పని లేదు. దూరపు పరుగు వంటి ఓర్పు క్రీడల్లో అంతర్జాతీయ స్థాయి క్రీడాకారుల శిక్షణను పరిశీలించిన వ్యాయామ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్, వారి సాధనలో దాదాపు 80 శాతం తేలికైన వేగంతోనే సాగుతుందని గుర్తించారు. వారికే అంత నెమ్మది అవసరమైనప్పుడు మనకు ఇంకెంత అవసరమో ఆలోచించు.

అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కేవారిని నువ్వు చిన్నప్పటినుంచీ చూస్తున్నావు. దాదాపు 9 కిలోమీటర్ల దారి, 3,550 మెట్లు. మొదటి మెట్లన్నీ పరుగున ఎక్కిన కుర్రవాళ్లు గాలిగోపురం చేరేలోపే పక్కన కూలబడి పిక్కలు పట్టుకుంటారు. గోవింద నామం నోట పలుకుతూ, పలకడానికి ఊపిరి చాలినంత నడకతోనే ఎక్కే పెద్దవాళ్లు వారిని దాటుకుని వెళ్లిపోతారు, చివర నిట్టనిలువుగా ఉండే మోకాళ్ల మెట్టుకు కూడా వారి దగ్గర కొంత ఓపిక మిగిలి ఉంటుంది. నీ పరుగులోనూ ఇంటికి తిరిగి వచ్చేసరికి ఆ కొంత ఓపిక మిగలాలి. మిగిలితేనే మరునాడు మళ్లీ బయలుదేరబుద్ధి అవుతుంది.

వేగం సరిచేసుకున్న తరువాత కూడా మనసు రాని రోజులు ఉంటాయి. వాటికోసం ఒక కనీస పరుగును ముందే నిర్ణయించి పెట్టుకో. నా సలహా పది నిమిషాలు. బూట్లు వేసుకుని వీధిలోకి వచ్చి, స్టేడియం దాకా వెళ్లే ఓపిక లేకపోతే మీ కాలనీలోనే, పది నిమిషాలు మెల్లగా పరుగెత్తు. ఆ తరువాత ఇంటికి తిరిగి వచ్చే హక్కు నీకు పూర్తిగా ఉన్నది, ఆ రోజు కూడా లెక్కలోకే వస్తుంది. చాలా రోజుల్లో ఆ హక్కును నువ్వు వాడుకోవు, ఎందుకంటే అసలు కష్టమంతా మంచానికీ గుమ్మానికీ మధ్యనే ఉంటుంది. కీళ్లు వేడెక్కి, ఊపిరి కుదురుకున్నాక శరీరం దానంతట అదే సాగిపోతుంది. వాడుకున్నావనుకో, అప్పుడు కూడా ఆ వేళకు లేచి బయటికి వెళ్లే అలవాటు చెడలేదు.

అలవాటు గురించి ఒక పరిశోధన నీకు ధైర్యం ఇస్తుందని ఇక్కడ రాస్తున్నాను. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించింది. రోజూ ఒకే సందర్భంలో చేసే ఒక పని ఆలోచన లేకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కానీ కొందరికి 18 రోజులే చాలగా, మరికొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. మూడు వారాల్లో అలవాటు అయిపోతుందని ఎవరో చెప్పగా విని, అలా కాలేదని నువ్వు కుంగిపోవలసిన అవసరం లేదు. నడుమ ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడటానికి పెద్ద ఆటంకం కలగలేదని కూడా వారు గమనించారు. కాబట్టి ఒక రోజు తప్పితే ఆ వారమంతా పోయిందని భావించవద్దు. మరునాడు కనీస పరుగుకైనా బయలుదేరు.

తెల్లవారుజామున వెళ్లాలా వద్దా అని ఆలోచించే అవకాశం నీకు నువ్వే ఇవ్వకు. నిద్రమత్తులో తీసుకునే నిర్ణయం ఎప్పుడూ మంచం వైపే మొగ్గుతుంది. ఏ రోజు వెళ్లాలి, ఎన్ని గంటలకు, ఏ దారిన, ఎంతసేపు అన్నవి ముందురోజు రాత్రి భోజనాలయ్యాక తేల్చుకుని, బట్టలు తీసిపెట్టి, బూట్లలో మేజోళ్లు దూర్చి తలుపు పక్కన ఉంచి, ఫోను హాల్లో చార్జింగుకు పెట్టు. అలారం ఆపడానికి లేచి అక్కడిదాకా నడవక తప్పదు, అక్కడే బూట్లు కనిపిస్తాయి. ఇంకొక ముఖ్యమైన సంగతి. పాల ప్యాకెట్టు తేవడం, పిల్లవాణ్ణి లేపడం, టిఫిన్‌కు పొయ్యి వెలిగించడం అన్నీ నీ మీదే ఉంటే ఏ ఆడపిల్లకైనా పరుగు మీద మనసు నిలవదు. వారంలో నాలుగు రోజులు ఆ నలభై నిమిషాల పనులు తాను చూసుకోవాలని అల్లుడిగారికి స్పష్టంగా చెప్పు. ఇలా అడగడానికి నువ్వు మొహమాటపడటం నాకు ఇష్టం లేదు. చీకటితో బయలుదేరే రోజుల్లో తోడు లేకుండా వెళ్లవద్దు. తోడు కోసం పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి ఉన్నదని తెలిస్తే అలారం కట్టేయడం కూడా అంత సులువు కాదు.

ఎండల సంగతి కొంచెం చెప్పాలి. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే కనుక, సూర్యోదయానికి ముందే పరుగు పూర్తి కావాలి. శరీరం వేడికి అలవాటుపడటానికి దాదాపు పది పద్నాలుగు రోజులు పడుతుంది. అన్నాళ్లూ దూరం పెంచకు. సాయంత్రం ఆరు గంటలకు కూడా రోడ్డు సెగ తగ్గదు కాబట్టి ఆ వేళ వద్దు. మే నెలలో గంగమ్మ జాతర వారం, ఆ తరువాత బ్రహ్మోత్సవాల రోజులు, ఇంటినిండా చుట్టాలు ఉన్నప్పుడు కనీస పరుగుతో సరిపెట్టుకో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. వాన కురిసే పొద్దున అపార్ట్‌మెంట్ మెట్లు పది నిమిషాలు ఎక్కి దిగినా చాలు.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టిన వాక్యం నీ ఉత్తరంలో ఒకటి ఉన్నది. మధ్యాహ్నం నాలుగు గంటలకే నీరసంగా ఉంటోందనీ, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందనీ రాశావు. ఇది మనసుకు సంబంధించిన విషయం కాకపోవచ్చు తల్లీ. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే కండరాలకు ప్రాణవాయువు చాలదు. అలాంటి ఒంటితో పరుగెత్తుతూ తనకు పట్టుదల లేదని తనను తాను నిందించుకోవడం చాలా అన్యాయం. ఈ వారంలోనే రక్త పరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్లు, థైరాయిడ్ కూడా చూపించుకో. ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పిన తరువాతే వేసుకోవాలి. భోజనం కాగానే టీ తాగే అలవాటు నీకున్నది, అది ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు కాబట్టి కనీసం ఒక గంట ఆగి తాగు. జ్వరం ఉన్న రోజున, మోకాలి కింద ముందువైపు ఎముక మీద వేలితో నొక్కితే ఒకేచోట చురుక్కుమనే నొప్పి ఉన్న రోజున, కనీస పరుగు కూడా వద్దు.

వారానికి నాలుగు రోజులు, రోజుకు అరగంట నీకు ప్రస్తుతానికి సరిపోతుంది. పెద్దవాళ్లు వారానికి 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం గానీ, 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం వ్యాయామం గానీ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. నువ్వు నెమ్మదిగా చేసే పరుగు, స్టేడియానికి వెళ్లివచ్చే నడక కలిపితే ఆ లెక్కకు దగ్గరగానే ఉంటావు. స్నేహితురాళ్లు ఫోనులో పెట్టే వేగాలు కొన్నాళ్లు చూడకు. వంటింటి క్యాలెండరులో వెళ్లిన రోజున ఒక గీత పెట్టు, పది నిమిషాల రోజుకూ అదే గీత.

రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపించు. వచ్చే నెల నేను తిరుపతి వచ్చినప్పుడు నాలుగు రౌండ్లు ఇద్దరం కలిసి వెళ్దాం. నీ వేగం, అడుగు వేసే తీరు చూసి, జూన్‌లో దూరం పెంచాలో అక్కర్లేదో అప్పుడు నిర్ణయిద్దాం.

ఇట్లు,
నీ మామయ్య