ఆర్ఓటీసీలో చేరితే వేరే రాష్ట్రంలో ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుందా?

న్యూజెర్సీలో పన్నెండో తరగతి చదువుతున్న మీ అమ్మాయి జార్జియాలోనో టెక్సాస్‌లోనో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరి ఆర్మీ ఆర్ఓటీసీ (కళాశాలలో చదువుతూనే సైన్యంలో అధికారి కావడానికి తీసుకునే) శిక్షణ తీసుకోవాలనుకుంటోందని, ఆర్ఓటీసీలో ఉన్నవారు ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రంలో నివసించేవారికి ఉండే తక్కువ ఫీజు) కడితే చాలని ఎవరో చెప్పారని, అది నిజమేనా అని అడిగారు. కొన్నిచోట్ల నిజమే గాని, అది దేశమంతటికీ వర్తించే నియమం కాదు. ఈ తేడా తెలియక మా అబ్బాయి మొదటి ఏడాది ఫీజు విషయంలో మేము గట్టి దెబ్బే తిన్నాము కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

చాలామంది పొరబడేది ఒక ఫెడరల్ చట్టం దగ్గర. 30 రోజులకు మించి యాక్టివ్ డ్యూటీలో (పూర్తికాల సైనిక సేవలో) ఉన్న సైనికులకు, వారి జీవిత భాగస్వామికి, వారిపై ఆధారపడిన పిల్లలకు, వారి స్థిరనివాసం గాని పోస్టింగు గాని ఉన్న రాష్ట్రంలోని ప్రభుత్వ కళాశాలలు ఇన్-స్టేట్ ఫీజు మాత్రమే తీసుకోవాలని 2008లో చట్టం చేశారు. ఆర్ఓటీసీ క్యాడెట్ (శిక్షణలో ఉన్న విద్యార్థి) యూనిఫాం వేసుకున్నా, తెల్లవారకముందే లేచి వ్యాయామానికి వెళ్లినా, ఆ చట్టం దృష్టిలో యాక్టివ్ డ్యూటీలో ఉన్నట్టు కాదు. కాబట్టి క్యాడెట్లకు రాయితీ ఇవ్వాలా వద్దా, ఏ షరతుతో ఇవ్వాలి అనేది ఆయా రాష్ట్రాలు, విశ్వవిద్యాలయాలు నిర్ణయించుకునే విషయం.

మా అబ్బాయికి ఆర్మీ వారి మూడేళ్ల స్కాలర్‌షిప్ వచ్చింది. అంటే మొదటి ఏడాది ఖర్చు మనదే, రెండో ఏడాది నుంచి వారు భరిస్తారు. పక్క రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయాన్ని చూడడానికి వెళ్లినప్పుడు, "మా క్యాడెట్లందరికీ ఇన్-స్టేట్ ఫీజే" అని అక్కడ చెప్పారు. ఆ మాట నమ్మి డిపాజిట్ కట్టాము. జూలైలో వచ్చిన బిల్లులో ట్యూషన్ కింద "నాన్-రెసిడెంట్" అన్న వరుస, దాని ఎదురుగా మేము అనుకున్నదానికి రెట్టింపుకు మించిన అంకె ఉన్నాయి. రిజిస్ట్రార్ కార్యాలయానికి ఫోన్ చేస్తే, అక్కడి ఉద్యోగిని ఎంతో ఓపికగా నియమం తెరిచి చదివి వినిపించారు. అందులో ఉన్నది "కాంట్రాక్ట్ అయిన క్యాడెట్లకు" అని. సైన్యంలో అధికారిగా పనిచేస్తానని సంతకం చేసి ప్రమాణం చేసినవారే కాంట్రాక్ట్ అయినవారు. మూడేళ్ల స్కాలర్‌షిప్ ఉన్నవారికి ఆ సంతకం మామూలుగా రెండో ఏడాదిలో గాని జరగదు. మాకు అబద్ధం చెప్పారని నేను అనను, కానీ ఆ ఒక్క మాట వదిలేసి చెప్పడం వల్ల ఆ ఏడాది తేడా మొత్తానికి అప్పు చేయవలసి వచ్చింది.

మీరు అడిగిన రాష్ట్రాల సంగతికి వస్తే, జార్జియాలో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ జార్జియా దేశంలో మామూలు డిగ్రీ చదువుతో పాటు సైనిక శిక్షణ ఇచ్చే ఆరు సీనియర్ మిలిటరీ కళాశాలల్లో ఒకటి. దలోనెగా ప్రాంగణంలోని కోర్ ఆఫ్ క్యాడెట్స్‌లో (క్యాడెట్ల దళంలో) చేరిన ఇతర రాష్ట్రాల విద్యార్థులకు ఔట్-ఆఫ్-స్టేట్ ఫీజు మాఫీ చేసే విధానం అక్కడ ఉంది. అయితే అక్కడ క్యాడెట్ జీవితం రోజంతా సైనిక క్రమశిక్షణలో సాగుతుంది కనుక మీ అమ్మాయి ఒకసారి వెళ్లి చూసి రావడం మంచిది. టెక్సాస్ దారి వేరు. టెక్సాస్ విద్యార్థులతో కూడా పోటీపడి, విశ్వవిద్యాలయం ఇచ్చే కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ సంపాదించిన బయటి విద్యార్థికి ఇన్-స్టేట్ ఫీజు వర్తింపజేయవచ్చని అక్కడి చట్టం చెబుతోంది. దీనికి సంఖ్యా పరిమితి కూడా ఉంది కాబట్టి ముందుగా దరఖాస్తు చేయాలి.

ఇక్కడ మరో విషయం గమనించండి. మీ అమ్మాయికి ఆర్మీ నాలుగేళ్ల స్కాలర్‌షిప్ వచ్చి, దాన్ని ట్యూషన్‌కు వాడుకుంటే, ఔట్-ఆఫ్-స్టేట్ ట్యూషన్ కూడా వారే కడతారు. పుస్తకాలకు ఏడాదికి 1,200 డాలర్లు, చదువు సాగే నెలల్లో నెలకు 420 డాలర్లు అదనం. అప్పుడు హాస్టలు, భోజనం ఖర్చు చూసుకుంటే చాలు. ఎయిర్ ఫోర్స్ వైపు ఆలోచిస్తే మాత్రం టైప్ 7 అనే స్కాలర్‌షిప్ ఇన్-స్టేట్ ఫీజు వర్తించే ప్రభుత్వ కళాశాలలకే పనికివస్తుంది. ఇక ఏ విభాగంలోనైనా స్కాలర్‌షిప్‌కు అమెరికా పౌరసత్వం తప్పనిసరి. హెచ్-4 వీసాపై ఉన్న మన పిల్లలకు ఈ దారి లేదు. గ్రీన్ కార్డుతో మీతో కలిసి ఉంటున్న అమ్మాయికైతే, పద్దెనిమిదేళ్లు నిండకముందే మీ ఇద్దరిలో ఒకరు పౌరసత్వం తీసుకుంటే ఆమెకూ దానంతటదే పౌరసత్వం వస్తుంది.

మీరు ఇప్పుడు చేయవలసింది రిజిస్ట్రార్ కార్యాలయానికి ఈమెయిల్ రాయడం. ఆర్ఓటీసీ విభాగం వారు ఎంత మంచివారైనా బిల్లు వేసేది వారు కాదు. రాయితీ ఆర్ఓటీసీ తరగతిలో పేరు నమోదు చేసుకోగానే వస్తుందా, కాంట్రాక్ట్ అయ్యాకే వస్తుందా, ఏ సెమిస్టర్ నుంచి లెక్కిస్తారు, గాయం వల్లనో మార్కుల వల్లనో మధ్యలో ఆర్ఓటీసీ వదిలేస్తే పాత తేడా తిరిగి కట్టమంటారా అని విడివిడిగా అడగండి. చాలా కళాశాలలకు మే 1 డిపాజిట్ గడువు. ఆ జవాబు రాతపూర్వకంగా చేతికి వచ్చాకే డబ్బు కట్టండి.