కేబుల్ మొత్తం తీసేయకండి, రెండో పెట్టె తీసేయండి

ప్రశ్న: మాది తణుకు. రిటైరై నాలుగేళ్లయింది, పింఛనే ఆధారం. హాల్లో టీవీకి 380, పడగ్గదిలో దానికి 250, వెరసి కేబుల్‌కే నెలకు 630 రూపాయలు. ఒకప్పుడు ఇందులో సగం కూడా అయ్యేది కాదు. మా ఆవిడకు స్టార్ మా, జీ తెలుగు సీరియళ్లు, నాకు వార్తలు ఉంటే చాలు. అబ్బాయి ఇంటి నుంచే పనిచేస్తాడని నెట్ పెట్టించాం. కేబుల్ తీసేసి ఓటీటీలు తీసుకుందాం అంటున్నాడు. మంచిదేనా?

జవాబు: ఏడాదికి 7,560 రూపాయలంటే పింఛను మీద బతికే ఇంటికి చిన్న మొత్తం కాదు. అలాగని మీ అబ్బాయి మాట పూర్తిగా వినకండి.

ముందు బిల్లు విప్పి చూద్దాం. 2019లో టెలికాం, కేబుల్ ధరలను నియంత్రించే ట్రాయ్ సంస్థ కొత్త పద్ధతి అమల్లోకి వచ్చాక బిల్లు రెండు ముక్కలైంది. ఒకటి కనెక్షన్ ఇచ్చినందుకు నెట్‌వర్క్ ఛార్జీ, రెండోది పే ఛానళ్ల, అంటే డబ్బు కట్టి చూసే ఛానళ్ల ధర. మొదటి దానికి మొన్నటిదాకా 130 రూపాయల పరిమితి ఉండేది. 2024 జులైలో ఆ పరిమితి ఎత్తేశారు. కాబట్టి మీ ఆపరేటర్ దాని కింద ఎంత తీసుకుంటున్నారో అడగండి. చాలామంది అడగరు. ‘ప్యాక్ 380 అండీ’ అనగానే ఫోన్‌పే కొట్టేస్తారు. నేనూ అంతే. మా ఇంట్లో ఒక్కరికీ అర్థంకాని భాషల ఛానళ్లకు రెండేళ్లు కట్టాక గానీ బిల్లు చదవలేదు.

ఇప్పుడు మీ లెక్క. నెట్‌వర్క్ ఛార్జీ 130 అనే అనుకుందాం. ప్యాక్‌లో కలిపి అమ్మే ఏ ఛానల్ ధరా 19 రూపాయలు మించకూడదు. అమ్మగారి రెండు ఛానళ్లు, ఇంకొకటి వేసుకున్నా 57. మొత్తం 187, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 221కి కాస్త తక్కువ. తెలుగు వార్తల ఛానళ్లు చాలావరకు ఉచితమే, వాటికి విడిగా కట్టక్కర్లేదు. ప్యాక్ వద్దు, విడి ఛానళ్లే కావాలని చెప్పే హక్కు మీకుంది. అయితే ఒకే సంస్థవి నాలుగైదు ఛానళ్లు చూసే ఇళ్లకు ఆ సంస్థ ప్యాకే చవక పడొచ్చు. రెండూ లెక్కేసుకోండి.

పడగ్గది టీవీ సంగతే అసలు విషయం. మీరు అందులో చూసేది వార్తలేగా! పేరున్న తెలుగు వార్తా ఛానళ్లు యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నాయి. నెట్ ఎలాగూ ఉంది. ఆ టీవీ స్మార్ట్ కాకపోతే, టీవీకి తగిలిస్తే నెట్‌లోవి చూపించే ఒక స్టిక్ కొనండి, ఒక్కసారి ఖర్చు. ఆ గది సెట్‌టాప్ పెట్టె వెనక్కిచ్చేస్తే ఏడాదికి 3,000 మిగులుతాయి. హాల్లో ప్యాక్ మారిస్తే ఇంకో 1,900.

ఇక ఓటీటీలు. స్టార్ మా సీరియళ్లు జియో హాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో ఉంటాయి. రేపు అమ్మగారు జెమిని సీరియల్ మొదలుపెడితే సన్ నెక్స్ట్, ఈటీవీదైతే ఈటీవీ విన్. కేబుల్‌లో ఒక్క కొట్టు, ఇక్కడ నాలుగు కొట్లు. పైగా ఆటోపే పెట్టామంటే చూసినా చూడకపోయినా డబ్బు పోతూనే ఉంటుంది. రాత్రి ఏడున్నరకు రిమోట్‌లో మూడంకెలు నొక్కి సీరియల్ పెట్టుకునే మనిషి చేతిలో యాప్ పెడితే రోజూ అబ్బాయిని పిలవాల్సిందే. మీ నెట్ ప్లాన్‌తో ఏదైనా ఓటీటీ ఉచితంగా వస్తోందేమో మాత్రం చూడండి. వస్తే వాడుకోండి, దానికోసం పెద్ద ప్లాన్‌కి మారకండి.

డీడీ ఫ్రీ డిష్ గురించి మీరు అడగలేదు గానీ, దానికి నెలవారీ చందా లేదు. డిష్, పెట్టె ఒకసారి కొంటే చాలు. దూరదర్శన్ తెలుగు ఛానళ్లు యాదగిరి, సప్తగిరి వస్తాయి. సీరియళ్ల ఇంటికి అది చాలదు.

వచ్చే రీఛార్జ్ తేదీకి ముందే ఆపరేటర్‌కు వాట్సాప్‌లో రాయండి. నోటిమాట వద్దు. రెండో పెట్టెకు డిపాజిట్ కట్టి ఉంటే రసీదు వెతికి పెట్టుకోండి, పెట్టె ఇచ్చేటప్పుడు అడగాలి.